పద్నాలుగో రీలు

ఏడుకొండలు మంచివాడని పామర్రులో ఎవర్ని అడిగినా చెబుతారు. ఒకరి జోలికి పోడు, ఒకరి మాట మోయడు. ఊరు ఇచ్చిన ఈ కితాబుని అతను మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు. బతుకు మొత్తంలో తను ఆడిన పెద్ద అబద్ధం ఒక్కటే అయినా, అది ఒక మనిషిని నిలువునా నమిలేసిందని అతనికి తెలుసు.

ఆ అబద్ధాన్ని వెతుక్కుంటూ వచ్చినట్టు, ఒక పొద్దున్న ఉమామహేశ్ అనే అతను బెజవాడ నుంచి మోటారుసైకిలేసుకుని వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుంటాయి. పాత సినిమాలంటే పడి చస్తాడట. అట్లాంటివాళ్ళే మరో పాతికమందిని పోగేసి ఒక సంఘం పెట్టాడట.

"గవర్నర్‌పేటలో పాత డిస్ట్రిబ్యూటరు ఆఫీసొకటి పడగొడుతున్నారండీ. మేడమీద గదిలో 'హాఫ్‌టైంలో హత్య' ప్రింటు దొరికింది. ఫుట్‌బాల్ మీద మన తెలుగులో తీసిన మర్డర్ మిస్టరీ అండీ, ఎంత అపురూపం! కంప్యూటర్లోకి ఎక్కించాం. శనివారం పదకొండింటికి వేస్తున్నాం. మీరు అప్పట్లో ఇక్కడి టాకీసులో ఆపరేటరుగా చేశారట కదా, తప్పకుండా రావాలండీ."

ఏడుకొండలు కుర్చీలో కొంచెం ముందుకి జరిగాడు. "ఎన్ని రీళ్ళున్నయ్?"

"పద్నాలుగండీ. ఒక్క ముక్క కూడా పోలేదు."

డెబ్బయ్యయిదేళ్ళ మనిషి. ఆ మాట వినగానే మొహం కడిగేసిన పలకలా అయిపోయింది. వచ్చినాయనకి మంచినీళ్ళివ్వమని కోడలికి చెప్పి, తనే ఆ గ్లాసు తీసుకుని తాగేశాడు.

ఆ అబద్ధం యాభై మూడేళ్ళ నాటిది. ఆ సినిమాలో గోల్‌కీపరుగా చేసింది జయపాల్. పామర్రు పక్క పల్లెవాడే. బెజవాడ జట్టుకి నిజంగానే గోల్‌కీపరు. హీరోలెవరికీ నేలమీద పడి బంతి పట్టడం చేతకాక, నిర్మాత ఇతన్ని తీసుకెళ్ళి వేషం వేయించాడు. కథ ఏమిటంటే, ఫైనల్ ఆట సగంలో సెంటర్ ఫార్వర్డు సోడా తాగి కుప్పకూలి చనిపోతాడు, ఆట ఆగిపోతుంది. ఆ సోడా అందించినవాడు గోల్‌కీపరు. పదమూడో రీలు చివర పోలీసులు గోల్‌కీపరుకి బేడీలు వేస్తారు. పద్నాలుగో రీల్లో అసలు దోషి ఎవరో తేలుతుంది.

సినిమా బెజవాడలో నాలుగు రోజులే ఆడింది. అక్కడ ఆడిన ప్రింటు అక్కడే ఉండిపోయింది. తరవాత ఇంకొక ప్రింటుని డెల్టా ఊళ్ళమీదికి తోలారు. మొదట పామర్రుకే వచ్చింది. అవి వానాకాలపు రోజులు. టాకీసు రేకులు కారి, ఒక రీలు డబ్బాలోకి రాత్రంతా నీళ్ళు దిగాయి. ఖర్మ కొద్దీ అది పద్నాలుగోది.

ఏడుకొండలు అప్పటికి ఉద్యోగంలో చేరి నెల కాలేదు. నేతపనివాళ్ళ ఇంట పుట్టినవాడు. నూలు తడిస్తే ఏం చెయ్యాలో పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నవాడు. వాన వెలిసి ఎండ పొడచూపగానే రీలుని తమ వీధికి తీసుకుపోయి, పడుగు నూలు పరిచినట్టు గుంజకీ గుంజకీ మధ్య సాగదీశాడు. తడి త్వరగా ఆరాలని శుభ్రమైన పాతగుడ్డ తెచ్చి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒత్తి ఒత్తి తుడిచాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ఫిల్ము అద్దంలా తెల్లగా మెరుస్తోంది. బొమ్మలన్నీ గుడ్డకి అంటుకుని వచ్చేశాయి. దోషీ, పోలీసులూ, బేడీలు విప్పించుకున్న జయపాలూ అందరూ కలిసి ఏడుకొండలు చేతిలో నల్లటి మరకై కూర్చున్నారు.

మేనేజరు వెంకటసుబ్బారావు తిట్టలేదు. తిడితే పదిమందికీ తెలుస్తుందని భయం. "బేడీలేశారుగా, కథ అయిపోయినట్టే. పాత తుక్కులో శుభం ముక్క ఉంటది, తెచ్చి అతికించు. ఎవడికి తెలుసుద్ది?" అన్నాడు. ఏడుకొండలు అతికించాడు. అక్కడి నుంచి ఏ ఊరు వెళ్ళినా ఆ ప్రింటు అట్లాగే ఆడింది. దివిసీమ దాకా డెల్టా జనమంతా గోల్‌కీపరే హంతకుడని చూసి ఇళ్ళకి పోయారు.

పామర్రులో మొదటి మ్యాట్నీకే జయపాల్ తన పల్లెవాళ్ళని నాలుగు బళ్ళకెక్కించి తీసుకొచ్చాడు. శుభం పడింది, దీపాలు వెలిగాయి. అతను లేచి తిన్నగా ఆపరేటరు గది మెట్ల దగ్గరికి వచ్చాడు. వెనక ఊరంతా ఉంది.

"ఏం బాబూ, ఇంకో రీలు ఉండాలే! బెజవాడలో నేను చూశా. అందులో నేను చెయ్యలేదని తేలుద్ది."

మెట్ల కింద నుంచి మేనేజరు కళ్ళెర్రజేశాడు.

"లేదండీ. మాకొచ్చింది ఇంతే," అన్నాడు ఏడుకొండలు.

జనం గొల్లుమన్నారు. "నువ్వే ఖూనీ చేసి చెయ్యలేదంటావేందిరా జయపాలూ!" అని ఎవరో అరిచారు. బళ్ళు పల్లె చేరేసరికి అతనికి ఖూనీ జయపాల్ అన్న పేరు స్థిరపడిపోయింది. మొదట్లో అతనూ నవ్వేవాడు. కానీ పేరనేది బురదలాంటిది, ఆరాక గానీ దాని బరువు తెలియదు. ఏడాది తిరక్కుండా, అతను డ్రిల్లు మాస్టారుగా పనిచేసే బడి పిల్లవాడొకడు కాలవలో మునిగి చనిపోయాడు. ఆ రోజు జయపాల్ బందరులో ఉన్నాడు. విచారణలో అదే తేలింది కూడా. అయినా "ఖూనీ మాస్టారు ఉంటే మా పిల్లల్ని పంపం" అన్నారు తల్లులు. ఉద్యోగం పోయింది. తరవాత ముప్ఫయ్యేళ్ళు రైసుమిల్లులో బస్తాలు తూచాడు. బంతి మాత్రం మళ్ళీ ముట్టలేదు. మూడేళ్ళ కిందట ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు.

ఏడుకొండలు చెబుదామని అనుకోకపోలేదు. జయపాల్ పెళ్ళి విందుకి వెళ్ళి చెబుదామనుకుని చదివింపులు రాయించి వచ్చేశాడు. సంతలో ఎదురుపడితే జయపాలే ముందు నమస్కారం పెట్టేవాడు. ఆ నమస్కారం చూశాక నోరు పెగిలేది కాదు. చివరికి సమాధి దగ్గర గుప్పెడు మట్టి వేస్తూ కూడా చెప్పలేదు. పిరికితనానికి ప్రతిసారీ ఏదో ఒక మర్యాద అడ్డం దొరుకుతుంది.

ఉమామహేశ్ వెళ్ళిన మర్నాడే ఏడుకొండలు పల్లెకి పోయి జయపాల్ భార్య సంపూర్ణమ్మ ముందు నిలబడ్డాడు. ఆవిడకి అరవై తొమ్మిది. మనిషి సన్నగా, కొబ్బరి ఈనెలా నిటారుగా ఉంటుంది.

"ఆ దిక్కుమాలిన సినిమా మళ్ళీ ఎందుకండీ?" అంది విని. "మీ టాకీసులోనే చూశాగా పదహారేళ్ళప్పుడు. బేడీలేసి తీసుకుపోతంటే మావాళ్ళంతా ఈలలేశారు. మా అన్నయ్య నన్ను ఆయనకి ఇవ్వనన్నాడు కూడా."

"మీరు రావాలమ్మా. ఆయన్ని చూసినట్టుంటది," అన్నాడు. అసలు సంగతి బస్సులో చెబుదామనుకున్నాడు.

శనివారం పొద్దున్నే బస్సెక్కారు. సంపూర్ణమ్మ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళ ఉచిత టిక్కెట్టు తీసుకుంది. ఉయ్యూరు దాటాక చెబుదామనుకున్నాడు. ఉయ్యూరు దాటింది. కంకిపాడు దాటాక అనుకున్నాడు. ఆవిడ మధ్యలో సంచీలోంచి బత్తాయి తీసి, ఒలిచి, సగం అతని చేతిలో పెట్టింది. ఇక ఏం చెబుతాడు?

గవర్నర్‌పేట హోల్‌సేల్ షాపుల మధ్య, మూడో అంతస్తులో చిన్న హాలు. నలభై కుర్చీలు. సినిమా మొదలైంది. తెరమీద పాతికేళ్ళ జయపాల్ గాల్లోకి ఎగిరి రెండు చేతుల్తో బంతి పట్టి నేలమీద పొర్లాడు. సంపూర్ణమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎంత సన్నగా ఉండేవాడండీ," అంది. అతను తెరమీదికి వచ్చినప్పుడల్లా కుర్చీలో ముందుకి వంగేది. పోగానే వెనక్కి వాలేది.

పదమూడో రీలు చివర పోలీసులు వచ్చి బేడీలు వేశారు. జయపాల్ తల వంచుకుని జీపెక్కాడు. సంపూర్ణమ్మ కళ్ళు తుడుచుకుని సంచీ భుజాన వేసుకుని లేచింది.

"అయిపోయింది. పదండి."

ఏడుకొండలు ఆవిడ ముంజేయి పట్టుకున్నాడు. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకోవడం అతని బతుకులో అదే మొదలు.

"కూర్చోండమ్మా. ఇంకో రీలు ఉంది."

ఆవిడ అతని వంక చూసింది. ఆ మాట ఆవిడ ఎన్నిసార్లు విన్నదో అతనికేం తెలుసు? మెల్లగా కూర్చుంది.

తెరమీద కథ మలుపు తిరిగింది. విషం కలిపినవాడు జట్టు డాక్టరు. జయపాల్ బేడీలు ఊడదీశారు. అతను తిన్నగా మైదానానికి వచ్చాడు. కెప్టెను ఎదురొచ్చి, జనమందరి ముందూ రెండు చేతులూ జోడించాడు. "ఆట ఇంకా ఉందిగా, పదండి," అని జయపాల్ అతని భుజం తట్టి గోలు దగ్గరికి నడిచాడు. మైదానమంతా లేచి నిలబడింది. అప్పుడు నవ్వాడు. పదమూడు రీళ్ళూ గంటు మొహంతో ఉన్నవాడు తెర నిండా నవ్వాడు.

"నవ్వుతున్నాడండీ," అంది సంపూర్ణమ్మ. హాలంతా వినిపించేలా అంది. "ఇంట్లో ఒక్కనాడూ ఇట్టా నవ్వలేదండీ."

దీపాలు వెలిగాయి. అందరూ టీ కోసం బయటికి వెళ్ళారు. వాళ్ళిద్దరే మిగిలారు. ఏడుకొండలు అప్పుడు చెప్పాడు. రేకులు కారడం, గుంజలు, పాతగుడ్డ, శుభం ముక్క. జయపాల్ వచ్చి అడగడం, తను లేదనడం. ఏదీ దాచలేదు, దేనికీ సాకు చెప్పలేదు. చెబుతున్నంతసేపూ తన అరచేయి చూసుకుంటూనే ఉన్నాడు.

సంపూర్ణమ్మ ఖాళీ తెరకేసి చూస్తూనే అంది.

"పెళ్ళైన నాడే చెప్పాడు నాకు. ఇంకో రీలు ఉంది సంపూర్ణా, అని. నేను నా కళ్ళతో చూశా కదండీ, ఎట్టా నమ్మేది? అబద్ధాలెందుకు, ఒప్పేసుకో, వేషమేగా అన్నా. నలభై ఏడేళ్ళు చెప్పాడు. ఆఖరికి ఆస్పత్రిలో మూతికి గొట్టాలు పెట్టినప్పుడు కూడా చెప్పబోయాడు. సరే, ఉందిలే, పడుకో అన్నా. పసిపిల్లాడికి చెప్పినట్టు." ఆవిడ సంచీ పట్టీ మెలిపెట్టింది. "నమ్మి అనలేదండీ. ఊరుకోబెట్టడానికి అన్నా. ఆయనకి తెలిసిపోయింది. మొహం అటు తిప్పేసుకున్నాడు."

ఏడుకొండలుకి ఏడుపు ఆగలేదు. "నన్ను క్షమించండమ్మా," అన్నాడు.

"నేనెవర్ని క్షమించడానికి? నేనూ మీ బాపతే," అంది. కొంచెం తేరుకుని లేచి నిలబడింది. "అందరి ముందూ లేదన్నారుగా. అందరి ముందే ఉందని చెప్పండి. రేపు ఆదివారం. మా చర్చిలో ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెప్పుకుంటారు. రండి."

మర్నాడు ఏడుకొండలు ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళాడు. అతను చర్చి గడప తొక్కడం అదే మొదటిసారి. పాస్టరు జోయెల్ చిన్నవాడు. సంగతి విని మైకు చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఏడుకొండలు చెప్పాడు. జనం మర్యాదగా విన్నారు. సగంమంది ఆ సినిమా పేరు కూడా ఎరగరు. ఆ నాటి బళ్ళలో వచ్చినవాళ్ళలో మిగిలింది ఒక్కడే. ముందు వరసలో మనవరాలి పక్కన కూర్చున్న తొంభయ్యేళ్ళ ఆమోసు. జయపాల్‌కి వరసకి చిన్నాన్న. చెవులు వినబడవు.

"ఏమంటన్నాడే?" అని మనవరాల్ని గట్టిగా అడిగాడు.

ఆ పిల్ల అతని చెవిలో అరిచింది. "జయపాల్ మామయ్య ఖూనీ చెయ్యలేదంట తాతా! సినిమాలో ఇంకో ముక్క ఉందంట!"

ఆమోసు బోసినోటితో నవ్వాడు.

"చెయ్యలేదని మాకు తెలవదా ఏందే? ఊరికే అనేవాళ్ళం. సరదాకి."

ఏడుకొండలు మైకు కిందికి దించాడు. ఆడవాళ్ళ వైపు చాపమీద నుంచి సంపూర్ణమ్మ లేచింది. వచ్చి ఆమోసు ముందు మోకాళ్ళమీద కూర్చుని, అతని చెవికి నోరు ఆనించి చెప్పింది. మెల్లగా చెబితే అతనికి వినబడదు కాబట్టి గట్టిగానే చెప్పింది. అందరూ విన్నారు.

"సరదాకని ఆయనకి ఎవరూ చెప్పలేదు మామయ్యా."