కోత వరస

తోటకూర కాడలకి పీచు తీస్తుంటే వసారాలోంచి ఆయన ఫోన్లో మాట్లాడటం వినబడింది. "మా ఆవిడ చేసింది సార్. ఇంట్లో కూచుని ఏదో నొక్కేసింది." మిల్లుకి పంపే ఆ చెరకు కోతల పట్టిక మూడేళ్లుగా నేనే చేస్తున్నాను. ఆ సంగతి ఆయన పైకి చెప్పడం మాత్రం అదే మొదటిసారి.

మా ఆయన చక్కెర మిల్లులో ఫీల్డ్‌మేన్. రావికమతం వైపు ఊళ్లు తిరిగి ఎవరి తోట ఎప్పుడు నాటారో రాసుకొస్తారు. ముందు నాటిన వాళ్ల చెరకు ముందు కోతకి రావాలి. ఆ వరస కట్టే పని ఆయనది, కట్టేది నేను. పెళ్లికి ముందు అనకాపల్లిలో రెండేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని. "ఖాళీయే కదా" అంటూ కాయితాల కట్ట పొయ్యిగట్టు మీద పెట్టేవారు. "ఆ పెట్టె ముందు కూకుంటే కూరుడుకుతాదేటే" అని అత్తగారు సాధించేవారు. పట్టికని మిల్లులో మెచ్చుకున్న రోజు ఆయన స్వీట్లు తెచ్చి, సార్ తనని తెగ పొగిడారని చెప్పి నా చేతిలోనే పెట్టారు. నేను తిన్నాను కూడా.

ఈసారి కొత్త లాప్‌టాప్‌లో కొత్త ఫార్ములా వాడాను. మిల్లు కంప్యూటర్లో ఉన్నది ఏనాటిదో పాత వెర్షన్. తెరిచినప్పుడు అంతా సరిగానే కనబడిందట. అక్కడి ఆపరేటర్ పదకొండు మంది రైతుల తేదీలు సవరించగానే ఆ పదకొండు వరసల్లోనూ తప్పు గుర్తులు వచ్చాయి. ఏదో చెత్త పడిందనుకుని అతను ఆ వరసలే తీసేశాడు. అక్కడ ఏ వెర్షన్ ఉందో నేను అడగలేదు. నన్ను ఆ గడప తొక్కనిచ్చిందెవరు అనుకుని సరిపెట్టుకోబోయాను గానీ, అడిగి ఉండాల్సింది.

అంతలో రాజ్యం వచ్చింది. ఎకరం చెరకు ఒక్కతే పండించుకునే మనిషి. చేతిలో ఒక ఎండు గడ. "నాకన్న ఎనకాల నాటినోల్ల తోటలు కొట్టేసేరు బాబూ. నా సెరుకు లోపల బెండైపోతంది. లిస్టులో నా పేరే లేదంతన్నారు. నానేటి తప్పు సేసేను?"

కనుక్కుంటానని చెప్పి ఆయన బండి తీశారు. గేటు దగ్గర నాతో మెల్లగా, "మధ్యానానికి పాతదాంట్లో పనిచేసేలా మార్చి పంపు. నీ వల్ల నా పరువు పోయింది" అన్నారు.

రాజ్యానికి మంచినీళ్లిచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పాత రకంలో సేవ్ చేయబోతే, ఇందులో కొన్ని పోతాయి, పర్లేదా అని లాప్‌టాప్ అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నావి ఏమేం పోతాయో ఒక్కరూ చెప్పలేదు, పర్లేదా అని అడగనూ లేదు. కళ్లు తుడుచుకుని, ఆ ఫార్ములాలన్నీ తీసేసి పాత పద్ధతిలో మళ్లీ కట్టాను. రాజ్యం పేరు అందరికన్నా పైకి వచ్చింది. పేరైతే వచ్చింది గానీ, ఎండిన గడలో రసం రాదు కదా.

ఫైల్ పంపలేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రాజ్యంతో పాటు ఆటో ఎక్కాను. దారిలో జరిగిందంతా చెప్పాను. ఆమె ఎండు గడని ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"నువ్వా అమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

మిల్లు ఆఫీసులో నన్ను చూసి ఆయన గభాల్న లేచారు. ఎవరీవిడ అని ఆఫీసరు అడిగారు.

"మా ఆవిడ సార్."

పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాను.

"నా పేరు హారతి సార్. ఈమె చెరకు ఎండిపోవడంలో నా తప్పుంది. మూడేళ్లుగా మీరు మెచ్చుకున్న పట్టికలూ నావే. ఇక మీదట కావాలంటే నన్నే అడగండి, ఆ కాయితాల కట్ట ఈయన ఇంటికి తేరు."