కళ్ళు చూసి పట్టాను

ఒక స్పెయిన్ ప్రొఫెసరు రాసిన పదకోశాన్ని స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి మార్చే పని ఆషాఢంలో నాకు వచ్చింది. తెనాలిలో గది అద్దెకు తీసుకుని ఇలాంటి పనులే చేస్తుంటాను. కళ్ళారా చూసిన సాక్షులు దొంగని ఎలా గుర్తుపడతారు, ఎక్కడ పొరబడతారు అన్నది ఆ పదకోశం విషయం. అనుమానితుణ్ణి ఏ పాపమూ ఎరగని కొందరి మధ్య నిలబెట్టి సాక్షికి చూపిస్తారు కదా, ఆ కొందరిని స్పానిష్‌లో ‘సెబోస్’ అంటారు. అంటే ఎరలు. ఇంగ్లీషులో వాళ్ళ పేరు ‘ఫిల్లర్స్’, ఖాళీ నింపేవాళ్ళు. ఇంగ్లీషు మాటే రాశాను గాని, నాకు స్పానిష్ మాటే నచ్చింది.

తర్వాతి పేజీలో ‘ట్రాన్స్‌ఫెరెన్సియా ఇన్‌కొన్‌సియెంతె’. దాని ఇంగ్లీషు నాకు తెలుసు, అన్‌కాన్షస్ ట్రాన్స్‌ఫరెన్స్. కింద ఉన్న వివరణ మార్చడానికి మాత్రం సాయంత్రందాకా పట్టింది. మామూలుగా ఎక్కడో చూసే ముఖాన్ని, తనకు తెలియకుండానే, నేరం జరిగిన చోట చూసినట్టు సాక్షి నమ్ముతుంది. అబద్ధమాడుతున్నానని ఆమెకు తెలియదు. అందుకే తడబడదు.

అది మా నాన్న కథ.

మాది భట్టిప్రోలు. నాన్న సుందరయ్య రేపల్లెకి షేర్ ఆటో నడిపేవాడు. మా వీధి చివరి మేడలో ఉండే ప్రమీలారాణి అత్తయ్య ప్రతి శుక్రవారం ఆ ఆటోలోనే గుడికి వెళ్ళేది. వెనక సీట్లో కూర్చుంటే ఆమెకు కనిపించేవి అద్దంలో నాన్న కళ్ళే. ఒకరోజు మసక చీకట్లో, ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడెవడో బైకు మీద వచ్చి ఆమె మెడలో గొలుసు తెంపుకుపోయాడు. ఆ తర్వాతి శుక్రవారం ఆటోలో ఆమె అద్దంలోకి చూసి కేక పెట్టింది. “ఇవే! ఇవే ఆ కళ్ళు!”

జైల్లో గుర్తింపు పరేడ్ పెట్టారు. అందరికీ గుడ్డలు కట్టించారు. వారం వారం చూసే కళ్ళని పట్టడానికి ఆమెకెంతసేపు? కోర్టు చివరికి నాన్నని వదిలేసింది గాని ఊరు వదల్లేదు. గొలుసు సుందరయ్య అని పేరు పెట్టింది. ఆటో ఎవరూ ఎక్కలేదు. ఆయనిప్పుడు నిజాంపట్నం దగ్గర రొయ్యల చెరువుకి కాపలా ఉంటున్నాడు, అక్కడ తనెవరో ఎవరికీ తెలియదని.

శ్రావణ శుక్రవారం పేరంటానికి వీధిలో ఏ ఇంటినీ వదలకూడదు. అందుకని ప్రమీలారాణి ఏటా మా ఇంటికీ బొట్టు పంపేది. అమ్మ ఎప్పుడూ వెళ్ళలేదు. ఈసారి నేను వెళ్ళాను.

హాలు నిండా ఆడవాళ్ళు. వాయనం శనగలు ఒళ్ళో పెట్టుకుని గొలుసు కథ వింటున్నారు.

“గుడ్డ కట్టుకుంటే పోల్చలేననుకున్నాడు. కళ్ళు చూసి పట్టానమ్మా!” అంటున్న ప్రమీలారాణి నన్ను చూసి ఆగింది. “రావే జ్యోతీ. మీ నాన్నని ఏమీ అనట్లేదులే. కోర్టు వదిలేసిందిగా.”

ఎవరో కిసుక్కుమన్నారు.

“ఆ కళ్ళు ఇప్పుడు చూసినా పోలుస్తారా అత్తయ్యా?” అన్నాను.

“వందమందిలో పెట్టు.”

“అంతమంది లేరండి. ఫోన్లో కొందరి కళ్ళున్నాయి. ఆ దొంగవి ఇందులో ఉండచ్చు, లేకపోవచ్చు. లేవనిపిస్తే లేవనండి.”

“పోలీసువా ఏంటే నువ్వు?”

అందరూ నవ్వారు. “చూడవే రాణీ, నీ ప్రతాపం మేమూ చూస్తాం,” అంది అందరిలో పెద్దదైన మామ్మ.

ముఖానికి గుడ్డ కట్టుకున్న మగవాళ్ళ ఫొటోల్లోంచి కళ్ళ వరకే కత్తిరించి, అన్నిటినీ ఒకే కొలతలో, రంగు లేకుండా పెట్టాను. నాన్నవి పెట్టలేదు. ఒక్కటి తప్ప అన్నీ ముక్కూ మొహం తెలియనివాళ్ళవి. ఆ ఒక్కటీ ఆమె కొడుకు జశ్వంత్‌ది. బాపట్లలో ఉద్యోగం. సూర్యలంక రోడ్డు మీద గుడ్డ కట్టుకుని బైకు నడుపుతూ దిగిన ఫొటో, వాడే ఇన్‌స్టాలో పెట్టుకున్నాడు. వాడు మాకే అపకారమూ చెయ్యలేదు. ఎరకి అలాంటివాడే కావాలి. నా భయమల్లా ఒక్కటే, తల్లి కదా, కొడుకని పోల్చుకుంటుందేమోనని.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. ఒకదాని దగ్గర వేలు ఆగింది. “ఇవే.”

“తొందరేం లేదండి. మళ్ళీ చూడండి.”

“చూసేదేంటి? దొంగచూపు తెలియట్లా? ఈ కళ్ళు జన్మలో మర్చిపోను.”

ఫోను మామ్మ చేతికిచ్చాను. “ఆ ఫొటోని పక్కకి జరపండి మామ్మా. గుడ్డ తీసిన ఫొటో వస్తుంది.”

మామ్మ జరిపింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. “ఓసి రాణీ! వీడు మన జశ్వంతే కదే!”

ఫోను చేతులు మారింది. ఒకామె పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రమీలారాణి ముఖం కందిపోయింది.

“మాయదారిదానా! నా కొడుకుని దొంగంటావా?”

“నేననలేదండి. మీరే అన్నారు.”

“వాడు ఆరోజు ఊళ్ళోనే లేడు!”

“మా నాన్న కూడా అదే చెప్పాడు. కన్నతల్లే పోల్చుకుంది, ఇంక సాక్ష్యం ఎందుకండి? స్టేషన్‌కి పంపుదామా?”

“ఎప్పుడూ చూసే కళ్ళు కదే... అందుకని...” అని మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకే కాదు, అక్కడున్న అందరికీ అర్థమైంది.

“పూర్తిచెయ్యండి,” అన్నాను.

“సుందరయ్య కాదేమో.”

“ఏమో వద్దండి.”

“కాదు.” మామ్మ వైపు చూడలేక తల దించుకుంది. “ఆ దొంగ సుందరయ్య కాదు.”

అది వినాలని ఇన్నేళ్ళుగా అనుకున్నాను. విన్నాక నా కడుపు చల్లబడలేదు. ఇంకా కావాలనిపించింది.

వాకిట్లోకి వస్తుంటే వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “ఆ ఫొటో తీసెయ్యమ్మా. వాడికి సంబంధాలు చూస్తున్నాం. ఈ మాట పాకితే ఏమవుతుంది?”

“ఏ ఊరి సంబంధమండి?”

“రేపల్లె.”

“ఎవరి పిల్ల?”

ఆమె పేరు చెప్పబోయి, నా ముఖం చూసి, నోరు మూసుకుంది. చెయ్యి విడిపించుకుని మెట్లు దిగాను. తీసేస్తానని మాత్రం అనలేదు.