తుస్కాకలా మాగాణి

మా నాన్న చేత వేలిముద్ర వేయించిన రోజున నాకు తొమ్మిదేళ్ళు. వేయించారు అనడం తప్పు. ఆయన వేయలేదు.

ఈ జైలు గదిలోకి మొన్న కొత్తగా వచ్చిన కాలేజీ అమ్మాయిలు, నేతమిల్లు పిల్లలు నన్ను అడిగారు, "ఖావర్ పిన్నీ, ఈ వయసులో నువ్వేం చేశావని పట్టుకొచ్చారు?" అని. చెప్పాలంటే ఆ వేలిముద్ర దగ్గర్నించే చెప్పాలి.

వరి నూర్పిళ్ళయ్యాక ఒక ఉదయం మా ఊరు తుస్కాకలాలో మగవాళ్ళందరినీ కళ్ళం దగ్గరికి రమ్మన్నారు. చినుకులు పడుతున్నాయి. బల్ల మీద కాగితాల కట్ట, సిరాదిండు పెట్టుకుని దాద్‌ఫర్ కూర్చున్నాడు. దేశమేలే షాగారి సొంత భూముల కచేరీకి మా వైపు ఆయనే పెద్ద. వెనక తుపాకులతో ఆరుగురు జవాన్లు.

"మీరంతా మీ పొలాలు షావారికి సంతోషంగా అమ్ముకుంటున్నారు. ఒక్కొక్కరే వచ్చి వేలు ముంచండి" అన్నాడు.

మా నాన్న సోహ్‌బత్ ముందుకొచ్చాడు. "దొరా, అమ్ముతానని నేనెవరితో అన్నాను?"

"షావారు కొంటానన్నాక నువ్వు అనడమేంట్రా?"

"ఆయనకి నాట్లు వేయడం వచ్చా మరి? వస్తే చెప్పండి, ఇప్పుడే ఇచ్చేస్తాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. జవాన్లు నాన్నను బురదలోకి లాగి తుపాకి మడమలతో భుజం మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన కదలడం మానేశాక ఒక జవాను ఆ చెయ్యి ఎత్తి, వేలు సిరాలో అద్ది, కాగితం మీద నొక్కాడు.

"చూశారుగా, సోహ్‌బత్ కూడా ఒప్పుకున్నాడు" అన్నాడు దాద్‌ఫర్.

మిగతావాళ్ళు వరుసకట్టారు. నాన్న దగ్గరికి వచ్చింది ఒక్క గుల్‌బానూ. మా పక్కింటి పిల్ల, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ముఖం మీద నీళ్ళు చల్లి, "లే బాబాయ్, వీళ్ళ ముందు పడుకోకు" అంది. అమ్మాయిలూ, జీవితంలో నన్ను ఎక్కువ ఏడిపించింది ఆ దెబ్బలు కాదు. ఆ వరుస.

ఆ షా మా కొండల్లో పుట్టినవాడే. గుర్రపు దండులో మామూలు సిపాయిగా మొదలై, తుపాకితో సింహాసనం ఎక్కాడు. నేను పుట్టిన ఏడాది కిరీటం పెట్టుకున్నాడట. మనవాడు రాజయ్యాడని మా నాన్న ఊరందరికీ టీ పోశాడట. పదేళ్ళు తిరిగేసరికి ఆ రాజుకు మా మాగాణి నచ్చింది.

నాకు పదహారేళ్ళప్పుడు ఉత్తరాన్నించి ఒక విదేశీ సైన్యం, దక్షిణాన్నించి ఇంకోటి దేశంలోకి దిగాయి. వాళ్ళు ఆ షాను గద్దె దింపి, ఓడెక్కించి పంపేసి, కొడుకును గద్దె మీద కూర్చోబెట్టారు. దాద్‌ఫర్ తన పెళ్ళాం చాదరు ముసుగేసుకుని ఆడవేషంలో ఊరు దాటబోతుంటే గుల్‌బానూ బూట్లు చూసి పట్టేసింది.

"ఏం దొరసానీ, మీసాలు కనిపిస్తున్నాయి, కాస్త లోపలికి తోసుకో!"

ఊరంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుతోనే పొలాల్లోకి దిగాం. కచేరీవాళ్ళు ఎప్పుడో గట్లు దున్నేశారు, ఎవరి మడి ఏదో తెలియదు. "తెలియకపోతే ఏం, కలిపి నాటుదాం" అన్నాడు నూరలీ. రైతు సంఘం కుర్రాడు, చదువొచ్చినవాడు. తర్వాత నేను అతన్నే చేసుకున్నాను. చెయ్యి పనిచేయని మా నాన్న గట్టు మీద కూర్చుని, నాట్లు వంకరగా పోతున్నాయని అందర్నీ తిడుతూ ఉండేవాడు. ఆయన పోయేదాకా ఆ పొలం మా చేతుల్లోనే ఉంది. దానిమీద షా వకీళ్ళు కోర్టుల్లో ఏవేవో కాగితాలు తిప్పుతూనే ఉన్నారు. మేం నాటుతూనే ఉన్నాం.

పన్నెండేళ్ళు అలా గడిచాయి. ఒక వేసవిలో కొడుకు షా కూడా దేశం విడిచి పారిపోయాడని టీ కొట్టు రేడియో చెప్పింది. కొట్టు మీదకెక్కి నూరలీ ఉపన్యాసం ఇచ్చాడు. మూడు రోజులు తిరక్కుండానే రేడియోలో గొంతు మారింది. సైన్యం రాజధానిని పట్టుకుంది, షా తిరిగొస్తున్నాడు. నాలుగో రోజు జవాన్ల లారీ మా ఊరొచ్చింది.

నూరలీని కోత మధ్యలో, చేతిలో కొడవలి ఉండగానే తీసుకుపోయారు. "పైనుంచి ఆజ్ఞ తల్లీ, మేమేం చేస్తాం" అన్నాడు వాళ్ళ హవల్దారు నాతో. నా కొడుకు యదుల్లా అప్పటికి నా కడుపులో ఆరునెలలవాడు. లారీ వెనకే దాద్‌ఫర్ కారు దిగాడు. ముసలివాడయ్యాడు, బాగా లావెక్కాడు.

"ఈసారి సంతకాలు అక్కర్లేదు. పాత కాగితాలు భద్రంగానే ఉన్నాయి" అన్నాడు.

నూరలీ దక్షిణాది జైల్లో పోయాడు. శవం ఇవ్వలేదు. ఏ రోజున పోయాడో కూడా చెప్పలేదు.

పదేళ్ళకి షా రైతులకు భూమి పంచుతున్నాడని రేడియోలో పాటలు వచ్చాయి. మాకు కొండవాలున రాళ్ళనేల కాగితాలు చేతికిచ్చారు. మాగాణి మాత్రం ట్రాక్టర్ల సాగు పేరుతో ఒక రిటైరైన కల్నల్‌కి పోయింది. మా నీళ్ళు, మా నారు, మా నడుములు. ధాన్యం ఆయనది. యదుల్లా ఆ కూలిలోనే పెరిగాడు. మీసం మొలవగానే షాహీ పట్నంలో నేతమిల్లుకి వెళ్ళిపోయాడు. "ఇక్కడ వంగి వంగి చచ్చేకంటే అక్కడ నిలబడి చస్తానమ్మా" అన్నాడు.

సమ్మెల ఏడాది గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, మీరే వీధుల్లో ఉన్నారు. చలికాలంలో షా విమానమెక్కాడు. షాహీ చౌరస్తాలో ఇనప తాడు వేసి షా విగ్రహాన్ని పడగొట్టినవాళ్ళలో యదుల్లా ఉన్నాడు. అరచేతులు చీరుకుపోయి ఇంటికి వచ్చాడు. నేను వేన్నీళ్ళు కాచి కడుగుతుంటే నవ్వుతూ ఏడ్చాడు.

"పోయాడమ్మా! నాన్నను చంపినవాడు పోయాడు! ఊరి పేరు కూడా మార్చేస్తున్నారు, ఇంక షాహీ అనే ఊరే లేదు!"

తండ్రి మొహం ఎరగని కొడుకు ఆ మాట అన్నాక, పాతికేళ్ళలో మొదటిసారి నేను నూరలీ కోసం గట్టిగా ఏడ్చాను.

కల్నల్ కూడా పారిపోయాడు. వసంతంలో ముహర్రం చావడిలో ఊరు కూడింది. ఆడవాళ్ళం కూడా లోపలికొచ్చి కూర్చున్నాం, ఎవరూ పొమ్మనలేదు. పెద్దవాళ్ళు కొందరు, కొత్త సర్కారు కాగితం ఇచ్చేదాకా ఆగుదామన్నారు.

గుల్‌బానూ లేచింది. "నారు కాగితం కోసం ఆగుతుందా? మీరు ఆగండి. మేం దిగుతాం. కోతలప్పుడు గిన్నెలు పట్టుకుని మా గుమ్మాల్లోకి రండి, పోనీలే అని పెడతాం."

"మళ్ళీ ఎవడైనా వస్తే ఏం చేస్తావే?" అన్నాడొక ముసలాయన. కళ్ళం దగ్గర ఆ రోజు వరుసలో నిలబడినవాళ్ళలో బతికున్నది ఆయనొక్కడే.

"వస్తే ఈసారి ఒక్కణ్ణి కొడుతుంటే మిగతావాళ్ళం చూస్తూ ఊరుకోం. అంతే."

ఆయన తల దించుకున్నాడు. దించుకునే, "నా పేరు కూడా రాయండి" అన్నాడు.

గుమ్మంలో యదుల్లా నిలబడున్నాడు. పట్నంలో విప్లవ కమిటీలో చేరాడు, భుజాన తుపాకి ఉంది. "నాటండి గుల్‌బానూ పెద్దమ్మా. ఎవడొస్తాడో నేను చూస్తాను" అన్నాడు. చావడి చప్పట్లతో ఊగిపోయింది.

ఏడుగురితో ఊరి సంఘం పెట్టుకున్నాం. అందులో ముగ్గురం ఆడవాళ్ళం. మోకాలిలోతు నీళ్ళలో చాదర్లు నడుముకి బిగించి మళ్ళీ కలిపి నాటాం. ఆ మూడు నెలలే, అమ్మాయిలూ. నా బతుకులో సుఖమంటే ఆ మూడు నెలలు.

కంకులు వంగే వేళకి యదుల్లా ఒక కాగితం తెచ్చాడు. కల్నల్ ఆస్తులన్నీ పట్నంలోని జప్తు కచేరీకి చెందుతాయట. మేం కూలికి కోసి ధాన్యం అప్పగించాలట. సంఘం రద్దట.

"షా తీసుకుంటే దొంగతనం. మీరు తీసుకుంటే ఏమంటార్రా?"

"ఇది బీదల కోసం అమ్మా."

"బీదలంటే ఎవరు? మేం కాక ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే చూపించు, వాళ్ళకీ పెడదాం."

"నాకు నచ్చి తెచ్చాననుకున్నావా? నీకర్థం కాదు. దేశం నిండా శత్రువులున్నారు. ఎవరికి వాళ్ళు పంచుకుంటూ పోతే ఏం మిగుల్తుంది? పైనుంచి ఆజ్ఞ."

"మీ నాన్నను తీసుకుపోయినవాడు కూడా నాతో ఇదే అన్నాడు."

వాడి మొహం తెల్లబోయింది. "నన్ను వాళ్ళతో కలపకమ్మా" అన్నాడు. పోసిన టీ పోసినట్టే వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కోతకు దిగాం. నలభైమంది ఆడవాళ్ళం, వెనక మోపులు కట్టే మగవాళ్ళు. రెండు లారీల్లో కమిటీ మనుషులొచ్చారు. వాళ్ళ నాయకుడు బయటివాడు. గట్టు మీద నిలబడి మైకులో అరిచాడు, "మీరు విప్లవద్రోహులు! పొలం ఖాళీ చేయండి!"

గుల్‌బానూ నడుం నిలబెట్టి చూసింది. "ఆ గొట్టం దించు నాయనా. అరవకపోయినా వినిపిస్తుంది. నలభై ఏళ్ళుగా ఇదే మాట వింటున్నాం, కొత్తదేదైనా చెప్పు."

మోపుల దగ్గర మగవాళ్ళు నవ్వారు. లారీలవాళ్ళు గాల్లోకి కాల్చారు. కొందరు పారిపోయారు, అబద్ధం చెప్పను. మిగిలినవాళ్ళం కోస్తూనే ఉన్నాం. కొడవలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేను ఒక్కసారి తలెత్తాను. గట్టు మీద ఎడం వైపు యదుల్లా. చూపు నా మీద లేదు, నేల మీద ఉంది. రెండోసారి కాల్చినప్పుడు తుపాకులు పైకి కాదు, మా వైపు ఉన్నాయి.

గుల్‌బానూ మోపు మీద కూర్చున్నట్టుగా పడిపోయింది. నేను దగ్గరికెళ్ళేసరికి నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయింది. అనలేకపోయింది. ఆరుగురికి గాయాలు. కాల్చినవాళ్ళలో నా కొడుకు ఉన్నాడో లేదో నాకు తెలియదు. అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

శవాన్ని ఊరి శ్మశానంలో పెట్టడానికి వీల్లేదన్నారు. ద్రోహికి చోటు లేదన్నారు. అప్పుడు ముందుగా లేచింది చావడిలో తల దించుకున్న ఆ ముసలాయనే. "అయితే మీ కచేరీకే తీసుకొస్తాం" అన్నాడు. తలుపు చెక్క మీద ఆమెను పెట్టి, ఎత్తుకుని, పట్నానికి నడిచాం. బయల్దేరినప్పుడు ఇరవైమందిమి. దారిలో ఊళ్ళవాళ్ళు కలిశారు. మిల్లు గేటు దగ్గర షిఫ్టు దిగినవాళ్ళు ఆగి చూశారు. కొందరు టోపీలు తీశారు. కొందరు మా వెంట వచ్చారు. ఎక్కువమంది ఇళ్ళకే వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టను, ఏడాదంతా వాళ్ళు కూడా తమవాళ్ళ శవాలను మోసి మోసి ఉన్నారు.

జప్తు కచేరీ మెట్ల మీద ఆమెను దించి చుట్టూ కూర్చున్నాం. "ఈమెకి చోటు చూపించండి. మా వరి మాకివ్వండి" అన్నాం. అంతకుమించి నినాదాలేం ఇవ్వలేదు. సాయంత్రం లారీలొచ్చాయి. పదకొండుమందిని ఎక్కించారు. నన్ను ఎక్కిస్తుంటే యదుల్లా జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. తుపాకి లేదు. "మా అమ్మండీ, పెద్దావిడ, వదిలేయండి" అని బతిమాలాడు. నాయకుడు వాణ్ణి ఒక పక్కకి నెట్టేశాడు.

"ఈ పదిమందినీ వదిలితే దిగుతాను" అన్నాను.

ఇదీ సంగతి. వరిని కచేరీవాళ్ళు వేరే కూలీలతో కోయించి తీసుకుపోయారు. పొలం చుట్టూ ముళ్ళకంచె పడింది. ఊళ్ళో సగంమంది రాజధాని పక్కన ఇటుక బట్టీలకు పోయారు. యదుల్లా కమిటీ మానేశాడని ఒకరు, సరిహద్దులో మొదలైన యుద్ధానికి పేరిచ్చాడని ఇంకొకరు చెప్పారు. మెట్ల మీంచి లాక్కుపోయిన గుల్‌బానూను ఎక్కడ పాతారో ఇంతవరకూ తెలియలేదు.

"మరి ఇదంతా దండగేనా పిన్నీ?" అని మీలో ఒక అమ్మాయి అడిగింది. ఊరడించాలని నాకూ ఉంది. కానీ లేనిది చెప్పి మిమ్మల్ని వాళ్ళ మీదకి పంపను. తండ్రి షా పోయాడు, కొడుకు షా పోయాడు. మా పొలంలోంచి మాత్రం దొర పోలేదు.

నాకు తెలిసిన సంగతి ఒక్కటే ఉంది. ములాఖతుకి వచ్చిన మా ఊరావిడ చెప్పింది. మేం జైలుకొచ్చాక ఆ మెట్ల మీద గుల్‌బానూ ఎక్కడుందో చెప్పమని ప్రతి శుక్రవారం ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారట. మొదటి వారం ముప్పైమంది. కొట్టారట. తర్వాత పన్నెండుమంది. తర్వాత నలుగురు. కిందటి శుక్రవారం ఒక్కతే వచ్చిందట. మా ఊరిది కాదట, ఎవరికీ తెలియదట. పొద్దుపోయేదాకా కూర్చుందట.

రేపు శుక్రవారం.