నలుపు కింద ఎర్రచుక్క

ఆ శనివారం పొద్దున్న రేపల్లె మీద ఆకాశం సరిగా పిండకుండా ఆరేసిన పంచెలా వేలాడుతోంది. గట్టిగా కురవదు, తెరిపి ఇవ్వదు. ఆదాము తన గిటారు స్పీకర్ పెట్టెకి రెండు యూరియా సంచులు తొడిగి, తాడు బిగించి, గిటారు భుజాన తగిలించుకుని, తెనాలి పాసింజరు ఎక్కాడు. పెట్టెని టీవీ అనుకుని అందరూ దారిచ్చారు.

ముప్పై ఏళ్లుగా చర్చి క్వయర్‌లో గిటారు ఆయనదే. రెండు నెలల నించి అది దోమలా పాడుతోంది. మర్నాడే బాపట్లలో అన్ని చర్చీల క్వయర్ల కూడిక. పాటలు నేర్పే పుష్పలత మొహమాటం లేకుండా చెప్పేసింది: "అంకుల్, పెట్టె బాగైతే తీసుకురండి. లేదంటే కీబోర్డుతో కానిచ్చేద్దాం. మీరు ముందు వరసలో కూర్చుని విందురుగాని."

ఆ ముందు వరస మాట ఆయనకి చేపముల్లులా గొంతులో అడ్డుపడింది.

తెనాలిలో అబ్దుల్ షుకూర్‌ది మైకులు బాగుచేసే కొట్టు. వెనకాలే ఇల్లు. సంచులు విప్పగానే బయటపడ్డ శవపెట్టెలాంటి నల్లటి పెట్టెను చూసి, "ఎవర్ని తెచ్చావయ్యా ఇందులో? ప్రార్థన అయిందా?" అన్నాడు.

"దీనికే గొంతు పోయింది భాయ్. బాపట్ల సౌండు జాన్సన్‌కి ఫోన్లో వినిపిస్తే ఫేజు తేడా అన్నాడు."

"మరి?"

"లైన్‌మ్యాన్‌ని బతిమాలి చర్చికి కరెంటు ఫేజు మార్పించానండి."

షుకూర్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "మారిస్తే?"

"ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నయ్యి. గిటారు అట్టాగే ఉంది."

షుకూర్ నవ్వే మనిషి కాదు. గడ్డం మాత్రం ఒకసారి కదిలింది. "స్తంభం మీద ఫేజు కాదయ్యా అది, స్పీకర్లది," అంటూ పెట్టె లోపలి నుంచి వచ్చే రెండు తీగల్నీ చిన్న బ్యాటరీకి తాకించాడు. "అట్టల వంక చూడు."

ఒక స్పీకర్ అట్ట ముందుకు ఉబికింది. రెండోది లోపలికి నక్కింది.

"ఒకడు బండి నెడుతుంటే ఇంకొకడు వెనక్కి లాగుతున్నాడు. ఎట్టా కదులుద్ది? మధ్యలో ఊడదీశావా వీటిని?"

ఆదాము తల గోక్కున్నాడు. "గుడ్ ఫ్రైడేకి బలిపీఠం కాడ అంతా నలుపే గదండీ. ఇదొక్కటే ఎర్రగా ఉంటే బాగోదని విప్పి రంగేశాను. లోపల కూడా."

"లోపలెవరు చూస్తారయ్యా?"

"దేవుడు చూడడా?"

షుకూర్ స్పీకర్ వెనకాల తీగ అతికే చోట గోటితో గీకాడు. నల్లరంగు పొరలా లేచి, కింద ఎర్రచుక్క బయటపడింది. ఎర్రతీగ రావలసింది దాని దగ్గరికి. వచ్చింది నల్లతీగ.

"దేవుడు చూస్తాడు సరే. చుక్క నీకు కనపడొద్దా?"

తీగలు రెండూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు మార్చి అతికాడు. ఈసారి బ్యాటరీ తాకిస్తే అట్టలు రెండూ ఒక్కసారే ముందుకొచ్చాయి. కొట్టులో ఉన్న ఆంప్లిఫైయరుకి పెట్టె తగిలించారు. ఆదాము గిటారు లావు తీగ మీటాడు. బల్ల మీద రేకు డబ్బాలో మేకులు గలగలలాడాయి. ఆయన మళ్లీ మీటాడు, ఈసారి కళ్లు మూసుకుని.

"ఏంటది? స్టాండులో గ్లాసులు కదులుతున్నయ్యి!" లోపలి నుంచి షుకూర్ భార్య నూర్ బీ కేకేసింది.

"ఆదాము వచ్చాడు," అన్నాడు షుకూర్.

"అయితే కంచాలు పెడుతున్నా, రండి."

ఆదాము గుమ్మంలో నిలబడి ఫోన్ చేశాడు. "పుష్పలతమ్మా, ముందు వరసలో నా కుర్చీ ఇంకెవరికన్నా ఇచ్చెయ్యి తల్లీ."

భార్య నిర్మల క్యారేజీలో సర్ది పంపిన రొయ్యల వేపుడు మధ్యన పెట్టాడు. నూర్ బీ వేడి అన్నం, గోంగూర పప్పు వడ్డించి తనూ కూర్చుంది. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఆదాము కుడిచేయి అన్నం కలుపుతోంది. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద రేపటి పాట పట్టుకుంటున్నాయి. షుకూర్ అది చూసి, ఇంకో నాలుగు రొయ్యలు ఆయన కంచంలోకి నెట్టాడు.