బొరుగుల బజారుకు దారి చూపిన రేకు

నేను ఒక రేకు బోర్డును. ఆ ఆదివారం తెల్లారి ఊరివాళ్లు బైపాస్ రోడ్డు దగ్గరికి వచ్చి చూసేసరికి, రెండు కాళ్లూ మొదలంటా తెగి తుమ్మపొదల్లో బోర్లా పడి ఉన్నాను.

"సచ్చినాంరా దేవుడా! బోర్డు కోసేసినారు!" అని మొదట కేక వేసింది మెడికల్ షాపు చంద్రమౌళి. నా కోసం ఒక మనిషి అలా అరవడం నాకు కొత్త. అంతకుముందు నేను మూతబడిన నూనె మిల్లులో ట్యాంకుకు పక్కరేకును. అక్కడ తుప్పు పడుతుంటే కుక్క కూడా నా వైపు చూడలేదు.

ఎర్రవంక చిన్న ఊరు. ఒకప్పుడు కర్నూలు బస్సులన్నీ ఊరి నడుమ నుంచే పోయేవి. బస్సు ఆగిందంటే జనం దిగి, వేడివేడి బొరుగులు సంచుల్లో పోయించుకుని ఎక్కేవారు. బైపాస్ పడ్డాక బస్సులు ఊరి మొహం చూడటం మానేశాయి. అంగళ్లకు తాళాలు పడ్డాయి. అప్పుడు చంద్రమౌళి, బోర్డులు రాసే మద్దిలేటి, ఇంకా నలుగురైదుగురు కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు. జీతం లేదు, జెండా లేదు. ఆదివారం వస్తే పారలు పట్టుకుని బజారు శుభ్రం చేసేవారు, గోడలకు సున్నం కొట్టేవారు. ఆ గోడల మీద మద్దిలేటి బొమ్మలు వేసేవాడు. మనుషులు విచిత్రమైనవాళ్లు. సొంత వాకిట్లో చెత్త తీయమంటే నడుం నొప్పి అంటారు. పదిమంది చూస్తుంటే మురుగు కాలువలోకైనా దిగుతారు.

నన్ను పాత బోరు పైపులకు వెల్డింగు చేయించారు. మద్దిలేటి కుంచె పట్టుకుని నా ముందు కూర్చుని 'ఎర్రవంక బొరుగుల బజారు' అని రాసి, కింద బాణం గుర్తు వేశాడు. పక్కన ఒక బొమ్మ దింపాడు. బట్టీ మీద మూకుడు, వేడి ఇసుకలో బియ్యం కలియబెడుతున్న ఆడమనిషి చెయ్యి, మణికట్టు దగ్గర కాలిన మచ్చతో సహా. ఆ చెయ్యి ఖాజాబీది. బజారులో మిగిలిన ఆఖరి బట్టీ ఆమెదే. భర్త పోయాక ఆ బట్టీ మీదే కొడుకు హుసేనును పెంచుకొచ్చింది.

నేను పని చేశాను. కార్లు వేగం తగ్గించేవి, నన్ను చదివేవి, బాణం వైపు తిరిగేవి. ఏడాది తిరిగేసరికి బొరుగులతో ఉగ్గాణి చేసి అమ్మే హోటలు తెరిచారు, గాజుల అంగడి తెరిచారు. కమిటీవాళ్లు నా కింద నిలబడి ఫొటోలు దిగారు.

ఆ తర్వాతే కథ అడ్డం తిరిగింది. బట్టీలో మండేది ఊక. పొగ రాక మానదు. కార్లలో వచ్చేవాళ్లు ముక్కు మూసుకుంటున్నారన్న మాట కమిటీలో లేచింది. ఖాజాబీ బట్టీని ఊరి చివర పారే వంక అవతలికి మార్చాలని తీర్మానించారు. ఆమెకు స్థలం చూపించారు, దండ వేసి చప్పట్లు కొట్టారు. పాపం, నిజంగా మేలే చేస్తున్నామనుకున్నారు. వంక అవతలికి ఏ కారూ పోలేదు. బజారులోకి పట్నం నుంచి బొరుగుల ప్యాకెట్లు దిగాయి. వంక అవతల బట్టీ ఆరిపోయింది. నా మీద ఖాజాబీ చెయ్యి మాత్రం అలాగే కలియబెడుతూ ఉంది.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె మూట నెత్తిన పెట్టుకుని వచ్చి, బస్సు కోసం నా నీడలో నిలబడింది. సైకిలు మీద పోతున్న మద్దిలేటి ఆగాడు.

"యాడికక్కా?"

"బళ్లారికప్పా. ఆడ ఎవురిదో బట్టీలో కూలికి పిలిచినారు."

"కూలికా? నువ్వా?"

"ఇసక అదే, మంట అదే. బట్టీ ఒకటే నాది కాదు." ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాసినావప్పా దీని మీద?"

మద్దిలేటి చదివి వినిపించాడు.

"బొరుగుల బజారా!" అని నవ్వింది. "ఈ చెయ్యి నాదే కదా? మచ్చ గూడా దింపినావే! నేను పోయినా ఇది ఈడ్నే ఉంటాదిలే. దీనికి పొగ రాదు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది.

మర్నాటి సంగతే నేను మొదట చెప్పింది. నన్ను కోసిన మనిషిని చూశాను గానీ, ఒంటినిండా అక్షరాలున్నా నాకు నోరు లేదు. నన్ను మోసుకొచ్చి బజారులో గోడకు ఆనించారు. జనం మూగారు. చంద్రమౌళి నేరుగా పోయి హుసేను కాలరు పట్టుకున్నాడు. హుసేను వెల్డింగు షాపులో పనిచేస్తాడు. తల్లి బట్టీ కదిలించిన రోజున, మీ బోర్డు ఎన్నాళ్లుంటాదో చూస్తానని అందరి ముందూ అరిచాడు.

"ఇనుము కోసే మిషను నీ చేతిలో ఉండాది. ఇంకెవుడు కోస్తాడ్రా?"

"నేను కొయ్యలేదు సార్. కొయ్యాలనే ఉండె. మాయమ్మ వద్దనింది."

"ఎస్సై వస్తాండాడు. ఆయనకు చెప్పుకో పో!"

ఎవరో హుసేను చేతులు వెనక్కి విరిచారు. అప్పుడు మద్దిలేటి జనాన్ని తోసుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"వాన్ని ఇడ్సు చంద్రమౌళన్నా. కోసింది నేను. పొగ పొగ అని మొదట ఎవురన్నారో గుర్తుందా? కారోళ్లు కాదు, నేనే. గోడల మీద నేనేసిన బొమ్మలకు మసి పడతాందని నాకు కడుపుమంట. దాన్ని కారోళ్ల నెత్తిన రుద్ది మీతో ఊ అనిపించినా. నిన్న ఖాజక్క బస్సెక్కి పోతా ఒక్క మాట అనలేదన్నా. తిట్టింటే బాగుండు. ఆ బస్సు పోయిందో లేదో ఒక కారు ఆగింది. లోపల ఉండే ఆయమ్మ బొమ్మ చూసి, 'ఈ చెయ్యి ఎవరిదండీ? ఆమె అంగడి ఎక్కడ?' అనడిగింది. నిజం చెప్పనీకె నాకు నోరు రాలేదు. బాణం వైపే చూపించినా. థాంక్సండీ అని ఆయమ్మ నవ్వుకుంటా పోయింది. నేను ఇంటికి పోయి ఇనుము కోసే రంపం తెచ్చుకున్నా."