కలలో నీలం డ్రమ్ము

కుళాయి దారంలా వస్తోంది. కృపావతి నీలం డ్రమ్ములోకి గొట్టం వేసి నిలబడింది.

"ఇంగా నింపుతానే ఉండావా? బేగా చీర మార్చుకో. ఈపొద్దు నా కొడుకు చర్చిలో సాక్ష్యం చెప్తాండాడు," అంది లోపలి నుంచి అత్త హన్నమ్మ.

నీళ్లు మళ్లీ వచ్చేది ఎల్లుండే. డ్రమ్ము నిండేదాకా కదలడానికి లేదు.

ఈ డ్రమ్ము దగ్గరే ఆమెకు ఆ ఆలోచన తట్టింది. భార్యాభర్తలిద్దరిదీ నంద్యాలలో ఒకే కరెంటు కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం. ఆళ్లగడ్డ దగ్గర కడుతున్న చిన్న విమానాశ్రయంలో, బ్యాటరీతో ఎగిరే విమానాలకు చార్జింగు ఏర్పాటు చేసే పని వచ్చింది. ఒక్కో విమానానికి అరగంటలో చార్జింగు ఎక్కాలి. రెండు ఒకేసారి దిగితే అక్కడి కరెంటు లైను తట్టుకోదు, చుట్టుపక్కల పొలాల్లో మోటార్లు ఆగిపోతాయి. ఆఫీసంతా మూడు వారాలు తల పట్టుకుంది. కృపావతి మాత్రం ఈ డ్రమ్మును చూసింది. సన్నటి ధారనే ఓపిగ్గా పట్టి ఉంచుకుంటే, కావలసినప్పుడు బిందెలకు బిందెలు ముంచుకోవడం లేదా? కరెంటునూ అలాగే పెద్ద బ్యాటరీల్లో మెల్లగా నింపి పెట్టాలి, విమానం రాగానే గబగబా వంపాలి. రెండు ఆదివారాలు, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక, భోజనాల బల్ల మీద లెక్కలు కట్టి డ్రాయింగు గీసింది. కింద మూలన తన పేరు రాసుకుంది.

భర్త జయప్రకాష్ ఆఫీసులో ఇచ్చిన కాగితం మీద ఆ పేరు లేదు. అతనిది ఉంది. డ్రాయింగు ఎవరిదైతే వాళ్లే ఆళ్లగడ్డలో ఇన్‌చార్జి అన్నారు. రేపు సోమవారం ఆర్డరు ఇస్తారు.

"నా పేరు యాడ పోయిందప్పా?" అని అడిగింది.

"మొగుడూ పెండ్లాల మధ్య నీదీ నాదీ ఏందే? ఆడ ఎండలో నిలబడి మొగోళ్లకు పని చెప్తావా నువ్వు? ఇంగ ఉద్యోగం మానుకో. నాకు దినామూ క్యారేజీ కట్టల్ల కదా."

కోపం తీసెయ్యమని రెండు రోజులు మోకాళ్ల మీద ప్రార్థించింది. దేవుడు తియ్యలేదు.

చర్చిలో జయప్రకాష్ మైకు పట్టుకున్నాడు. "ప్రభువు నాకు కలలో ఒక నీలం డ్రమ్ము చూపించినాడు..."

"స్తోత్రం," అన్నారందరూ. హన్నమ్మ కళ్లొత్తుకుంది.

పదకొండేళ్ల కాపురంలో ఆ డ్రమ్ములో ఒక్క చెంబు నీళ్లు పోసిన మనిషి కాదు. ఆమె సొత్తు ఎత్తుకెళ్లింది చాలక, ఇప్పుడు దాన్ని దేవుడి చేత ఇప్పించుకుంటున్నాడు. అబద్ధ సాక్ష్యం పలకకూడదని సండే స్కూలు పిల్లలకు వల్లె వేయించేది కృపావతే. ఈ కోపాన్ని దేవుడు తియ్యకపోవడం కాదేమో, కావాలనే ఉంచాడేమో అనిపించింది. డ్రాయింగు కోసం తను కట్టిన చిత్తు లెక్కల కాగితాలు ఒళ్లోని బైబిలు సంచిలోనే ఉన్నాయి.

"ఇంకెవరైనా సాక్ష్యం చెప్తారా?" పాస్టరు దేవదానం అడిగారు.

కృపావతి లేచింది. హన్నమ్మ కొంగు పట్టి లాగింది. విడిపించుకుని మైకు దగ్గరికి నడిచింది.

"కలలో డ్రమ్ము నిజమే అయ్యగారూ. దాన్ని నింపుతాండే మనిషి మొగం కనపడిందేమో మా ఆయన్ని అడగండి. కనపడల్యా అంటే, రేపు ఆఫీసులో నేనే చూపిస్తా."