వరాలప్ప బల్ల మీది ఉప్పుజాడీ

నేను ఒక జాడీని. భుజాల దాకా గోధుమరంగు, కిందంతా మీగడ తెలుపు. నాకు మూతి ఉంది గానీ నాలుక లేదు. ఇన్నేళ్లుగా కడుపులో కల్లుప్పు మోస్తున్నా దాని రుచి ఏమిటో తెలియదు. మనుషులు తినడం దగ్గరుండి చూస్తూ వచ్చాను, అంతే. ఎంత చూసినా వాళ్లు నాకు సగమే అర్థమయ్యారు. మిగతా సగం మీకు తెలిసి ఉంటుందేమో.

నన్ను చేసిన కుమ్మరి ముఖం నాకు గుర్తు లేదు. చక్రం మీద తిరగడం, బట్టీలో ఎర్రగా కాగడం, గాజుపూత ఒంటికి పట్టేసినప్పుడు బిగుసుకుపోవడం గుర్తున్నాయి. తరవాత ఎండుగడ్డిలో చుట్టి లారీకెక్కించారు. దిగేసరికి విశాఖపట్నం. సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పెద్ద హోటల్ వంటగది.

ఆవకాయ కోసం కొన్న జాడీల్లో నేనొకదాన్ని. కూరల పొయ్యి దగ్గర ఉండే చిన్నంనాయుడు మాస్టారు నా మూతిలో పిడికిలి దూర్చి చూశాడు. సులువుగా దూరి, సులువుగా బయటికి వచ్చింది. "ఇది నాకుంచండి, ఉప్పుకి" అన్నాడు. అలా నేను ఆయన పొయ్యి పక్కకు చేరాను.

శ్రీకాకుళం జిల్లా మనిషి. మాట తక్కువ, చెయ్యి పెద్దది. కూర ఎంత ఉన్నా ఒక్కసారే నాలో చెయ్యి పెట్టేవాడు. గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, తల ఊపితే ఆ కూర బయటికి వెళ్లేది. ఊపకపోతే పక్కనున్న కుర్రమాస్టర్ జలీల్ గుండె జారిపోయేది. జలీల్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆయన తల ఊపడం కోసం ఎదురుచూస్తూనే ముప్పై దాటాడు.

కొన్నాళ్లకు ఎవరో వంటగదిని తనిఖీ చేసి, మట్టివేవీ ఉండకూడదు, అంతా స్టీలే ఉండాలన్నారు. నేనేం తప్పు చేశానో నాకు తెలియలేదు. పారేసే సామాన్లలో పెట్టారు. సాయంత్రం చిన్నంనాయుడు నన్ను తన ఏప్రాన్‌లో చుట్టి, చంకలో పెట్టుకుని, హోటల్ వెనక గేటు దాటి రెండు సందులు నడిచాడు.

అక్కడుంది వరాలప్ప మెస్సు. ఆమె పేరు వరహాలమ్మ. ఆ వైపు అక్కను అప్ప అంటారు, అందుకని అందరికీ వరాలప్ప. ముందు గదిలో రేకు పైకప్పు కింద పొడవాటి బల్ల ఒకటి, అటూ ఇటూ బెంచీలు. లోపల వంట. నన్ను ఆ బల్ల మధ్యన పెట్టారు.

అసలు అయోమయం నాకు అక్కడే మొదలైంది. మధ్యాహ్నం హోటళ్లలో గిరాకీ సద్దుమణిగాక, మళ్లీ సాయంత్రం పొయ్యిలు వెలిగించేలోపు, ఆ బల్ల నిండిపోయేది. వచ్చేవాళ్లంతా ఎవరు? దోసెల మాస్టర్లు, తందూరీ పొయ్యి దగ్గర చేతులు కాల్చుకునేవాళ్లు, కూరలు తరిగేవాళ్లు, వడ్డించేవాళ్లు. వాళ్ల హోటళ్లలో రొయ్యల బిర్యానీ ఉంటుంది, జీడిపప్పు కూరలుంటాయి. అవన్నీ వదిలేసి ఇక్కడికొచ్చి పప్పు, చారు, ఎండు నెత్తళ్ల చేపల వేపుడు తింటారు!

ఒకసారి వరాలప్పే అడిగింది జలీల్‌ని. "అంత వంట చేసి, ఇక్కడికి రావడమేటి నాయనా?"

"పొద్దున్నుంచీ ఆ మసాలా పొగలో నిలబడితే ఆకలి చచ్చిపోద్ది పిన్నీ. మీ చారు చూస్తే మళ్లీ పుడతాది" అన్నాడు.

అర్థమైనట్టే ఉంది, కాలేదు. ఒక వెయిటర్ ఉండేవాడు, ఎర్రయ్య. తినడానికి కూర్చుని, పక్కవాడి గ్లాసు ఖాళీ అవగానే లేచి నీళ్లు పోసేవాడు. మళ్లీ కూర్చునేవాడు, మళ్లీ లేచేవాడు. వరాలప్ప గరిటె చూపించి, "ఇక్కడ నువ్వు తినీవోడివి, కూకో" అంటే సిగ్గుపడి కూర్చునేవాడు. రెండు నిమిషాల్లో చెయ్యి మళ్లీ జగ్గు మీదికి పోయేది.

చిన్నంనాయుడు మాత్రం ఇక్కడ వేరే మనిషి. వంటగదిలో చుక్క నాకి తల ఊపేవాడు, ఇక్కడ ఏది పెడితే అది తినేవాడు. నాలో చెయ్యి పెట్టిందే లేదు.

ఒక వానాకాలం ఆయనకు జ్వరం వచ్చింది. కొన్నాళ్లు రాలేదు. వచ్చినప్పుడు చిక్కిపోయి ఉన్నాడు. అన్నం కలిపాడు, ఒక ముద్ద తిన్నాడు, ఆగాడు. చెయ్యి చాచి నాలోంచి చిటికెడు ఉప్పు తీసుకున్నాడు. కాసేపటికి ఇంకో చిటికెడు. మర్నాడు గుప్పెడు.

నేను కంగారుపడ్డాను. మిగతావాళ్లెవరూ ఉప్పు అడగడం లేదే! వరాలప్ప గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె ముఖం మాడిపోయింది. మరుసటి రోజు పప్పులో ఉప్పు పెంచింది. ఎర్రయ్య మూడు గ్లాసుల నీళ్లు తాగాడు. చిన్నంనాయుడు మళ్లీ నా మూత తీశాడు.

"నా వంట నచ్చకపోతే చెప్పొచ్చు కదా తమ్ముడూ" అంది వరాలప్ప.

"నచ్చకపోవడమేటప్పా. బాగుంది" అన్నాడు ఆయన కంచంలోకి చూస్తూ.

బాగుంటే ఉప్పెందుకు? ఉప్పు కావాలంటే బాగున్నట్టు ఎలా? నాకు తెగలేదు.

తరవాత ఒక ఉక్కపోత రోజు. చిన్నంనాయుడు అందరికంటే ముందే వచ్చి తినడం మొదలుపెట్టాడు. జలీల్ వచ్చి కూర్చుని, పప్పు కలిపి, ముద్ద నోటిదాకా తీసుకెళ్లి దింపేశాడు.

"పిన్నీ, పప్పు పాసిపోయినట్టుంది."

వరాలప్ప పరుగెత్తుకొచ్చి గిన్నె వాసన చూసి, "అయ్యో, ఉక్కకి పోయింది. తినకండి, తినకండి" అంటూ కంచాలు లాగేసింది. చిన్నంనాయుడి కంచం దగ్గరకొచ్చి ఆగిపోయింది. అది ఖాళీ. పప్పు మొత్తం తినేశాడాయన.

చూపులన్నీ ఆయన మీదే. ఆయన ఎడం చేత్తో నన్ను కొంచెం పక్కకు జరిపాడు. ఎందుకు జరిపాడో తెలియదు. నేనెవరికీ అడ్డం లేను.

"నాకేటీ తెలీడం లేదప్పా" అన్నాడు చివరికి. "జ్వరం వచ్చిన కాణ్ణుంచీ వాసన లేదు. పప్పూ ఒకటే, పేడా ఒకటే. ఉప్పొక్కటే కాస్త నాలిక్కి తగుల్తంది. అందుకే అదే ఏసుకుంటన్నాను."

"డాక్టర్‌కి చూపించావా?"

"వస్తే వస్తాది, రాకపోతే లేదు అన్నాడు."

"మరి హోటల్లో?"

"చేతికి తెలుసు గదా. చెయ్యి ఏస్తంది. అక్కడెవరికీ తెలీదు."

"నాకు తెలుసు" అన్నాడు జలీల్.

చిన్నంనాయుడు తల తిప్పాడు.

"మీరు అటు తిరగ్గానే నేను రుచి చూసి సరిచేస్తున్నా మాస్టారూ. మొన్న కోడి పులుసులో ధనియాలపొడి మాడిపోయింది. మీరు తల ఊపేశారు. నేను పారబోసి మళ్లీ చేశాను."

కష్టం తెలిసి సాయం చేసినవాడి మీద మనిషికి కోపం ఎందుకొస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. చిన్నంనాయుడు ముఖం నల్లబడింది. "నా ఎనకాల నా కూర పారబోసేవా? నాకు చెప్పకుండా? నేను నేర్పిన చేత్తో?" అన్నాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్లిపోయాడు.

తరవాత ఆయన రాలేదు. జలీల్ మాత్రం రోజూ వచ్చి, వీధి వైపు చూస్తూ తినేవాడు. హోటల్లో పక్కపక్కనే నిలబడుతున్నారట, మాట లేదట. ఎర్రయ్య చెబుతుంటే విన్నాను. ఒకరోజు చిన్నంనాయుడే మేనేజర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడట. కూరల పొయ్యి జలీల్‌కి ఇచ్చారట. ఈయన్ని తీసేయలేదు గానీ మాంసం, చేపలు కోసే బల్ల దగ్గర పెట్టారట. కోరుకున్నది దక్కినా జలీల్ ఏడ్చాడని ఎర్రయ్య అన్నాడు. ఎదురుచూసిందే కదా, ఏడవడం దేనికి?

ఆ కబురు విన్న రోజే వరాలప్ప పొయ్యి కట్టేసి, చీర మార్చుకుని బయటికి వెళ్లింది. ఆమె మెస్సు వదిలి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమె వెనక చిన్నంనాయుడున్నాడు, బడికి లాక్కొచ్చిన పిల్లాడిలా.

"రుచి తెలీనోడికి అన్నం ఎక్కడైతేనేటప్పా" అంటున్నాడు.

"ఇంటికాడ ఒక్కడివే తింటే అసలే తెలీదు. కూకో."

జలీల్ ఎదురుగా కూర్చోబెట్టింది. ఇద్దరి మధ్యా వంకాయ పులుసు గిన్నె ఒకటే పెట్టింది. కాసేపు ఎవరూ దాన్ని ముట్టలేదు. తరవాత జలీల్ ఆయనకు వడ్డించి, తను వేసుకుని తిన్నాడు.

"ఎలాగుంది?" అన్నాడు చిన్నంనాయుడు, అతని వైపు చూడకుండా.

"బాగుంది మాస్టారూ."

"బాగుంది అంటే ఏటిరా? కస్టమర్‌లాగ మాటాడకు. సరిగ్గా చెప్పు."

జలీల్ ఇంకో ముద్ద తిన్నాడు. "పులుపు ముందు తగలడం లేదు. మింగాక దవడల కింద లాగుతోంది. పాత చింతపండు. వంకాయ నూనెలో ఎక్కువ వేగింది, తొక్క కొంచెం చేదు. బెల్లం వేశారు, కానీ తీపి లేదు. చేదుని పట్టుకునేంతే ఉంది."

చిన్నంనాయుడు కళ్లు మూసుకుని నమిలాడు. "ఊఁ" అన్నాడు. ఇంకో ముద్ద కలిపాడు. "మెంతి?"

"వెనకెక్కడో."

"ఊఁ."

అప్పట్నుంచి ఆ బల్ల దగ్గర తీరే మారింది. ఏమీ మాట్లాడకుండా తిని వెళ్లే వంటవాళ్లు, ఆయన కోసం ప్రతిదీ పైకి చెప్పడం మొదలుపెట్టారు. దోసెల మాస్టర్ చారు గురించి ఒకటి చెబితే, తందూరీ వాడు కాదని ఇంకోటి చెప్పేవాడు. వాదనలయ్యేవి. ఎర్రయ్య చెప్పేవన్నీ తప్పులే, అయినా చెప్పేవాడు. చిన్నంనాయుడు మధ్యలో కూర్చుని అందరి ముఖాలూ చూస్తూ తినేవాడు. ఉప్పు కోసం చెయ్యి చాచడం తగ్గింది. రుచిని చెవుల్తో ఎలా తింటారో నాకు అంతుచిక్కలేదు. కానీ ఆయన ఒంటికి కాస్త కండ పట్టింది.

వానలు పోయాయి, చలి వచ్చి పోయింది. మామిడికాయలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, వరాలప్ప లోపల తిరగమోత పెట్టి, ఎవరో పెరుగు అడిగితే వడ్డించడానికి ముందు గదిలోకొచ్చింది. జలీల్ మామిడికాయ పప్పు గురించి చెబుతున్నాడు. చిన్నంనాయుడు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. తల ఎత్తాడు. ముక్కు చిట్లించాడు.

"అప్పా" అన్నాడు. "లోపల మెంతులు మాడతన్నాయి."

వరాలప్ప లోపలికి ఒక్క అంగలో వెళ్లింది. మిగతావాళ్లకు అప్పటికింకా ఏ వాసనా అందలేదు. జలీల్ నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నాడు.

ఆమె మూకుడు పట్టకారుతో పట్టుకుని బయటికి తెచ్చింది. అందులో మెంతులు బొగ్గుల్లా ఉన్నాయి, పొగ గదంతా కమ్ముకుంది. అందరూ దగ్గారు. ఆమె ఆ మూకుణ్ణి చిన్నంనాయుడి ముఖం కింద పెట్టింది.

"ఇదేనా? ఇదేనా తమ్ముడూ?"

ఆయన ఆ పొగలోకి వంగి ఊపిరి లోపలికి లాగాడు. దగ్గు వచ్చింది. మళ్లీ వంగి మళ్లీ లాగాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పొగకో దేనికో నేను చెప్పలేను.

"ఇదే" అన్నాడు. "ఛీ, ఎంత చేదుగుందో!"

జలీల్ బెంచీ దాటి వచ్చి ఆయన్ను వెనక నుంచి పట్టేసుకున్నాడు. ఎర్రయ్య అందరి గ్లాసుల్లోనూ నీళ్లు పోసేస్తున్నాడు, నిండినవాటిలో కూడా. వరాలప్ప వేరే తిరగమోత పెడతానంది. ఆయన వద్దన్నాడు. ఆ మాడు మెంతుల్నే చారులో కలిపించుకుని, కంచం వంచి, చివరి చుక్క దాకా తాగాడు. పక్కవాళ్లు కూడా ముఖాలు చిట్లిస్తూ, నవ్వుతూ అదే చారు పోయించుకున్నారు.